ఎగువ స్టేషను మాస్టారి చెవులు

ఎగువ స్టేషను మాస్టారికి ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. ఒక్కోసారి మూడుసార్లు. ఒక్కసారి చెప్పగానే ఆయనకు వినపడిన దాఖలా సర్వీసు మొత్తంలో లేదని డివిజనంతా చెప్పుకునేవారు. "సరిగ్గా వినపడలేదు బాబూ, మళ్ళీ చెప్పు" అని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కుడిచెవి ముందుకు పెట్టి కూర్చునేవారు. ఎదుటివాడు మళ్ళీ చెప్పేదాకా ఆ చెవి అక్కడే ఉండేది. పోర్టర్లు ఆయన్ని చాటుగా 'మళ్ళీచెప్పు మాస్టారు' అనేవారు. చాటుగా అంటే మరీ చాటుగా కాదు, ఎదురుగానే. ఎలాగూ మొదటిసారి వినపడదన్న ధీమా.

ఆయన గురించి అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు ఆయన అల్లుడు. ఈ సంగతులన్నీ అతను చెప్పినవే. వీటిలో అల్లుడి తెలివితేటల గురించి వచ్చే మాటలు కూడా అతను తన గురించి తాను నవ్వుతూ చెప్పుకున్నవే. పక్కవాళ్ళు కలిపింది ఏమీ లేదు. కలపడానికి అతను చోటు మిగల్చలేదు.

అల్లుడు అప్పటికింకా అల్లుడు కాడు. ట్రెయినింగ్ స్కూల్లో ఫస్టు మార్కు తెచ్చుకుని, దిగువ స్టేషనుకు అసిస్టెంటు మాస్టారుగా వచ్చిన కొత్తవాడు. రూలు పుస్తకం ఎక్కడ తెరిచి అడిగినా గడగడా అప్పజెప్పేవాడు. పుస్తకం మూసి పక్కన పెట్టాక ఏం చెయ్యాలో మాత్రం పుస్తకంలో రాసిలేదు.

ఎగువకూ దిగువకూ మధ్య తొమ్మిది కిలోమీటర్లు. మధ్యలో ఒకటే లైను. అటునుంచొక బండి, ఇటునుంచొక బండి ఒకేసారి బయలుదేరితే దారిలో పలకరించుకోక తప్పదు, ఆ పలకరింపు ఇంజన్ల ముక్కులతో జరుగుతుంది. అందుకని ఒక స్టేషను అడగాలి, రెండోది లైను ఖాళీగా ఉందో లేదో చూసుకుని సరేనని ఒక నంబరు చెప్పాలి. ఆ సరేననడమే లైన్ క్లియర్. ఆ నంబరు పుస్తకంలో ఎక్కితే తప్ప బండి కదలదు.

కొత్తవాడు డ్యూటీ ఎక్కిన మొదటి గంటలోనే ఎగువ నుంచి ఫోను వచ్చింది.

"గూడ్సుకి లైన్ క్లియర్ ఇస్తావా బాబూ?"

"ఇచ్చానండి. నంబరు నలభై ఏడు."

"సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పు."

"నలభై ఏడండి."

"నలభై ఏడు దేనికి?"

"మీరు అడిగినదానికేనండి."

"నేనేం అడిగాను?"

కొత్తవాడు ఫోను పెట్టేసి పాయింట్స్‌మన్ వైపు తిరిగాడు. పాయింట్స్‌మన్ ఆ స్టేషన్లోనే పట్టాలు మారుస్తూ జుట్టు నెరిసినవాడు.

"ఇలాంటి చెవిటాయన్ని ఇక్కడ ఎలా ఉంచారయ్యా?"

"ఏమోనండి. ఆయన వచ్చాక ఈ తొమ్మిది కిలోమీటర్లలో ఏ బండీ ఏ బండినీ ముట్టుకోలేదు. అందుకని ఉంచారేమో."

కొత్తవాడికి ఈ జవాబు నచ్చలేదు. తన గొంతులోనే లోపముందేమోనని మర్నాటి నుంచి అరవడం మొదలుపెట్టాడు. అతను లైన్ క్లియర్ ఇస్తుంటే ప్లాట్‌ఫారం మీద ప్రయాణికులు ఉలిక్కిపడి లేచి సామాన్లు సర్దుకునేవారు. బండికి ఇంకా గంట టైముండేది. అంత అరిచినా అవతలి నుంచి అదే మాట, అదే నెమ్మది: "సరిగ్గా వినపడలేదు బాబూ."

ఈ అలవాటు ఆఫీసుతో ఆగేది కాదు. మాస్టారు కూరలు తేవడానికి వెళ్తే కొట్టువాడు ఆయనకు అన్నీ రెండేసిసార్లు చదివి వినిపించాలి. "అరకిలో బెండకాయలు, పావుకిలో మిరపకాయలు" అని కొట్టువాడు ఒకసారి తిప్పి చెప్పి, రెండోసారి "పావుకిలో బెండకాయలు" అని తడబడితే మాస్టారు కోప్పడేవారు కాదు. చెవి ముందుకు పెట్టేవారు. కొట్టువాడే నాలుక కరుచుకుని సంచీలోది తీసి మళ్ళీ తూచేవాడు.

ఇక ఆయన భార్య సంగతి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ ప్రతి మాటా రెండుసార్లు చెప్పీ చెప్పీ చివరికొక ఉపాయం కనిపెట్టింది. మొదటిసారి పెదవులు కదిపేది, అంతే. శబ్దం ఉండదు. ఆయన "వినపడలేదు, మళ్ళీ చెప్పు" అనగానే అప్పుడు గొంతు విప్పేది. "సగం ఊపిరి మిగిలింది నాయనా" అని ఆవిడ వచ్చినవాళ్ళందరితో చెప్పేది.

వాళ్ళకొక్కతే కూతురు. ఎగువ స్టేషన్లోనే టిక్కెట్ల కౌంటరులో పనిచేసేది. మాస్టారు ప్లాట్‌ఫారం మీద ఉన్నప్పుడు ఫోను ఆ అమ్మాయి ఎత్తి "నాన్నగారు వస్తున్నారు, ఉండండి" అనేది. ఆ ఉండమన్న నిమిషాలు మన కొత్తవాడికి క్రమంగా చాలా తక్కువనిపించసాగాయి. మాస్టారు ప్లాట్‌ఫారం మీద ఉండే వేళలు కనిపెట్టి మరీ పని కల్పించుకుని ఫోను చేసేవాడు. ఆరు నెలలకు ధైర్యం కూడగట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సెలవు రోజున ఎగువకు బండెక్కాడు.

మాస్టారు ఆఫీసు గదిలో రిజిస్టరు ముందు కూర్చుని ఉన్నారు. కిటికీ తెరిచి ఉంది. కిటికీ అవతల బెంచీ మీద ఓ పదిమంది ప్రయాణికులు.

"మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానండి."

కళ్ళజోడు నుదుటి మీదికెక్కింది. "సరిగ్గా వినపడలేదు బాబూ, మళ్ళీ చెప్పు."

"మీ అమ్మాయినండి. పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను."

 బెంచీ మీద ఒకాయన పేపరు మడిచాడు.

"గాలి ఎక్కువగా ఉంది. ఇంకొక్కసారి."

 కొత్తవాడికి అప్పుడు తట్టింది, ఈ సంగతి ఆ అమ్మాయిని ఇంతవరకూ తిన్నగా అడగనేలేదని. ఫోనులో ఆమె నవ్వింది కదా అని ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నాడు. ఫస్టు మార్కు తెచ్చుకున్నవాడు కదా, లెక్కలు తొందరగా వేస్తాడు.

"అంటే... ముందు మీ అమ్మాయిని అడిగి, తనకిష్టమైతేనండి."

"ఆ, ఇప్పుడు వినపడింది" అన్నారు మాస్టారు. "కౌంటరు అటువైపు."

కౌంటరు దగ్గర అతను నోరు తెరవబోయేలోపే ఆ అమ్మాయి అంది: "మూడుసార్లూ వినపడింది. నాన్నగారికేమో గానీ నాకు మొదటిసారే వినపడింది. ఇష్టమే." బెంచీ మీద పేపరాయన చప్పట్లు కొట్టాడు.

పెళ్ళయ్యాక మామగారు అల్లుడికి ఒకే ఒక్క షరతు పెట్టారు. "ఇంట్లో నువ్వు అల్లుడివి. ఫోనులో మాత్రం నేను ఎగువ, నువ్వు దిగువ. లైను మీద చుట్టరికాలు నడవవు." అల్లుడు సరేనన్నాడు. సరేనన్నది ఏమిటో మళ్ళీ చెప్పమంటే చెప్పాడు కూడా.

చెప్పాడన్నమాటే గానీ, లోలోపల అతనికి మంటగా ఉండేది. ఆయనకు తన మీద నమ్మకం లేదనుకునేవాడు. భార్య దగ్గర సణిగేవాడు. "మీ నాన్నగారికి చెవులు పనిచెయ్యకపోతే వైద్యం చేయించుకోవచ్చుగా. నేను పాఠం అప్పజెప్పే పిల్లాణ్ణా?"

"అప్పజెప్పడంలో మీకు మంచి పేరుందిగా" అనేది ఆవిడ.

అలా ఏడాది గడిచింది. వానలు మొదలైన రోజుల్లో ఒకనాడు పొద్దున పిడుగు పడి, రెండు స్టేషన్లనూ కలిపే లైన్ క్లియర్ యంత్రం కాలిపోయింది. ఆ యంత్రానికి మనిషి కన్నా బుద్ధి ఎక్కువ. లైను మీద ఒక బండి ఉండగా రెండోదాన్ని పంపుదామంటే అది బిగుసుకుని కూర్చుంటుంది, ఎవరు బతిమాలినా కదలదు. అది లేనప్పుడు మిగిలేది ఒక నోరు, ఒక చెవి, ఒక పుస్తకం. నోరు అల్లుడిది. చెవి మామగారిది.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక, దిగువ నుంచి ఒక మరమ్మతు ఇంజను, దాని వెనక ఒక పెట్టె, ఎనిమిది మంది మనుషులు లైను మీదికి వెళ్ళారు. అయిదో కిలోమీటరు దగ్గర గుట్టను తొలిచిన మలుపులో కంకర కొట్టుకుపోయింది. అది సర్ది దిగువకే తిరిగి రావాలి. ఈ సంగతి ఇద్దరు మాస్టర్ల పుస్తకాల్లోనూ ఉంది.

మూడున్నరకు ఎగువ స్టేషన్లో పాసింజరు బండి వచ్చి నిలబడింది. దిగువ స్టేషన్లో అదే సమయానికి అల్లుడు రెండు ఫోన్ల మధ్య, ఒక పార్సిలు తగాదా మధ్య ఇరుక్కుని ఉన్నాడు. పాయింట్స్‌మన్ గుమ్మంలోంచి తల పెట్టి, "ఇంజను లోపలికొచ్చేసిందండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. అల్లుడు తల ఊపాడు. ఏ ఇంజను అని అడగలేదు. అడగడం మామగారి పని అనుకునేవాడు.

లైను ఫోను మోగింది.

"దిగువా? నేను ఎగువ. మరమ్మతు ఇంజను తిరిగొచ్చిందా? వస్తే పాసింజరుకి లైన్ క్లియర్ కావాలి."

"వచ్చేసిందండి. పాసింజరు పంపించండి, నంబరు..."

"సరిగ్గా వినపడలేదు బాబూ, మళ్ళీ చెప్పు."

అల్లుడు కళ్ళు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టాడు. నాలుగు దగ్గరే ఓపిక అయిపోయింది. "ఇంజను వచ్చేసిందండి. లైను ఖాళీ. నంబరు రాసుకోండి."

"గాలి హోరు. వచ్చిన ఇంజను నంబరు చెప్పు."

"ఇంజను నంబరెందుకండీ?"

"ఊరికే. రాసుకుంటాను. చూసి చెప్పు."

అల్లుడు ఫోను బల్ల మీద పెట్టి, అక్కడున్న పార్సిలాయనకు వినపడేలా నిట్టూర్చి, కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పక్క లైన్లో గూడ్సు ఇంజను నీళ్ళు కారుతూ నిలబడి ఉంది. పెట్టెలు సర్దుకోవడానికి పక్కకు వచ్చిన ఇంజను అది. మరమ్మతు ఇంజను ఎక్కడా లేదు. అతను ఆ చివరా ఈ చివరా చూశాడు. మరమ్మతు ఇంజను జేబులో పెట్టుకునే వస్తువు కాదు, ఉంటే కనపడుతుంది.

 గుట్ట మలుపులో ఎనిమిది మంది పలుగులతో వంగి ఉన్నారు. మలుపు తిరిగేదాకా పాసింజరు డ్రైవరుకు వాళ్ళు కనపడరు.

తిరిగొచ్చి ఫోను తీశాడు.  అవతలివైపు తొందరేమీ లేదు.

"మరమ్మతు ఇంజను రాలేదండి" అన్నాడు ఎలాగో. "లైన్ క్లియర్ లేదు. పాసింజర్ని ఆపండి."

"ఆ, ఇప్పుడు వినపడింది" అన్నారు మామగారు. "మరమ్మతు ఇంజను రాలేదు, లైన్ క్లియర్ లేదు, పాసింజరు ఆగి ఉంది. రాసుకున్నాను. నువ్వు కాసిన్ని మంచినీళ్ళు తాగు."

అంతే. ఇంకో మాట లేదు.

నాలుగూ పదికి మరమ్మతు ఇంజను వచ్చింది. ఎనిమిది మందీ దిగి, పంపు దగ్గర మోకాళ్ళ బురద కడుక్కుంటూ, "ఏం సార్, అలా చూస్తున్నారు?" అని అడిగారు. అల్లుడు వాళ్ళను లెక్కపెడుతున్నాడు. మూడుసార్లు లెక్కపెట్టాడు. తరవాత నిజమైన లైన్ క్లియర్ ఇచ్చాడు, పాసింజరు వచ్చింది. ఒక కిటికీలో ఒకావిడ బత్తాయి ఒలుస్తోంది. ఇంకో కిటికీలో ఒక ముసలాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆయన్ని లేపి క్షమాపణ చెప్పుకుందామా అనిపించింది అల్లుడికి. దేనికని అడిగితే చెప్పడం కష్టమని ఆగాడు. పాయింట్స్‌మన్ను కేకలేద్దామని పిలిచి, ఎదురుగా వచ్చి నిలబడ్డాక, కేకలు వెయ్యాల్సినవాడు ఎవడో గుర్తొచ్చి, "ఏం లేదులే, టీ తాగావా?" అని పంపించేశాడు.

జరిగినదంతా కాగితం మీద పెట్టాడు. నంబరు పుస్తకంలో ఎక్కలేదు, బండి కదలలేదు, ఎవరికీ తెలియదు. దాచేస్తే దాగేదే. కానీ ఆ ఎనిమిది జతల మోకాళ్ళు కళ్ళముందు కదులుతుంటే దాచబుద్ధి కాలేదు. మర్నాడు కాగితం తీసుకుని ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టరు మొత్తం చదివి, ఎగువకు ఫోను చేశాడు. "మాస్టారూ, నిన్న మధ్యాహ్నం దిగువ స్టేషను మీకు మొదట ఏం చెప్పింది?"

అవతలి గొంతు అల్లుడికి కూడా వినపడింది. "పుస్తకంలో ఎక్కింది చదువుతాను సార్. ఇంజను రాలేదు, లైన్ క్లియర్ లేదు. అంతకుముందేదో అన్నాడు గానీ, నాకు చెవులు కాస్త మందం, మీకు తెలుసుగా."

"నాకు తెలుసు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఫోను పెట్టి, బీరువాలోంచి ఒక ఫైలు తీసి అల్లుడి ముందుకు తోశాడు. అది మాస్టారి వైద్యపరీక్ష ఫైలు. ఏటేటా ఒకే మాట: కుడిచెవి, ఏ లోపమూ లేదు. ఎడమచెవి, ఏ లోపమూ లేదు. ఒక ఏడాది డాక్టరు కింద ఇంకో ముక్క చేర్చాడు: 'పక్క గదిలో నేనూ నర్సూ మాట్లాడుకున్నది కూడా విన్నాడు.'

అల్లుడు ఆ ఫైలును రెండుసార్లు చదివాడు. మొదటిసారి సరిగ్గా ఎక్కలేదు.

"నేను దిగువలో నీ కుర్చీలోనే మూడేళ్ళు చేశానోయ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ మూడేళ్ళలో నా మాట ఆయనకు పదకొండుసార్లు నిజంగా వినపడలేదు. మామూలుగా వినపడకపోవడం వేరు, అది రోజూ ఉండేదే. ఈ పదకొండూ వేరు. నేను వెళ్ళి చూసుకుని వచ్చి తప్పు దిద్దుకున్నాక వినపడేవి. ఆఖరికి లెక్క రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకప్పుడు తమ మాట ఆయనకు వినపడని పెద్దాఫీసర్లు ఈ డివిజన్లో చాలామందే ఉన్నారు."

ఆ సాయంత్రమే అల్లుడు అత్తవారింటికి వెళ్ళాడు. మామగారు వరండాలో బూట్లకు పాలిష్ పెడుతున్నారు.

"మామగారూ, మీ చెవులు బాగానే ఉన్నాయట."

"ఏమన్నావు?"

"చాల్లెండి" అంది అత్తగారు లోపలినుంచి. "వంటింట్లో నేను బెల్లం డబ్బా మూత తీస్తే వీధి గేటు దగ్గర వినపడుతుంది ఈయనకి."

మామగారు బ్రష్షు పక్కన పెట్టారు. 

"నేను నీ వయసులో ఉన్నప్పుడు పక్క స్టేషన్లో ఒక పెద్దాయన ఉండేవాడు" అన్నారు. "ఉద్యోగంలో పులి. ఒకసారి నేను ఫోనులో నంబరు తప్పు చెప్పాను. అందరూ వింటుండగా, గాడిదలు కాసుకోమన్నాడు. నెల తిరక్కముందే ఇంకో పొరపాటు చేశాను. ఫోను పెట్టిన మరుక్షణమే తెలిసింది. మళ్ళీ తీసి చెప్పొచ్చు. ఆ గొంతు గుర్తొచ్చి చెయ్యి వెనక్కొచ్చింది. ఎలాగో సర్దుకుంటుందిలే అనుకున్నాను. రెండు గూడ్సులు వంతెన ముందు ఢీకొన్నాయి. మెల్లగా వస్తున్నాయి కాబట్టి ఒక డ్రైవరు కాలు విరగడంతో పోయింది. ఆయన ఇప్పటికీ కుంటుతాడు. నేను వెళ్ళినప్పుడల్లా కుర్చీ వేసి కూర్చోబెడతాడు, అది ఇంకా కష్టం."

"మరి తప్పు చెప్పావని అనొచ్చుగా, చెవులు మందమనడం ఎందుకండీ?"

"తప్పు అన్నాననుకో, అవతలివాడు వాదిస్తాడు, లేదా భయపడతాడు. వాదించేవాడు కిటికీలోంచి చూడడు. భయపడ్డవాడు చూసినా చెప్పడు. ముసలాడికి చెవుడు అనుకుంటే విసుక్కుంటాడు. విసుక్కుంటూనైనా ఇంకోసారి చూస్తాడు. నాకు కావలసింది అదే. చెవిటివాడన్న పేరు వస్తే వచ్చింది, నాకేం బరువు?"

 ఏడాదిపాటు ఆ చెవుల గురించి తను అన్న మాటలన్నీ అల్లుడికి ఒకదాని తరవాత ఒకటి గుర్తొచ్చాయి. పక్క గదిలో నర్సు మాటలే విన్నవాడు, పక్క స్టేషను సణుగుడు వినకుండా ఉంటాడా అని కూడా అనిపించింది.

"నేను మీ గురించి ఇంట్లో కొన్ని మాటలన్నాను మామగారూ."

"అమ్మాయి చెప్పింది" అన్నారు మామగారు, రెండో బూటు తీసుకుంటూ. "చెప్పినవాటిలో ఒకటి బాగుంది."

ఇన్‌స్పెక్టరు ఆ కాగితాన్ని ఊరికే పోనివ్వలేదు. అల్లుణ్ణి వారం రోజులు మళ్ళీ ట్రెయినింగ్ స్కూలుకు పంపాడు. ఫస్టు మార్కు వచ్చిన అదే గదిలో, ఈసారి అందరికన్నా వెనక బల్ల మీద. దాంతోపాటు ఒక ప్రశ్న ఇచ్చాడు: నీలాంటి మేధావి ఇంకొకడు ఇదే పని మళ్ళీ చెయ్యకుండా ఏం చెయ్యాలి? అల్లుడు వారమంతా ఆలోచించి ఒక ఎర్ర బిళ్ళ గీశాడు. అరచేయంత చెక్క బిళ్ళ, దానికొక తాడు. లైను మీదికి వెళ్ళి తిరిగి రావలసిన ఇంజను ఏదైనా, దాని నంబరు సుద్దతో బిళ్ళ మీద రాసి, లైను ఫోనుకు తగిలించాలి. ఆ ఇంజను నంబరు స్వయంగా కళ్ళతో చూశాకే బిళ్ళ తియ్యాలి. బిళ్ళ చేతికి తగలకుండా ఫోను ఎత్తడం కుదరదు.

ఆరు నెలల్లో డివిజన్లోని ప్రతి స్టేషనుకూ ఆ బిళ్ళ వెళ్ళింది. ఉత్తర్వులో దానికొక పొడుగాటి పేరుంది. ఆ పేరు ఎవరూ వాడలేదు. నోటినుంచి నోటికి కథ పాకి, అందరూ దాన్ని 'అల్లుడి బిళ్ళ' అన్నారు.

తరవాత ఒకసారి మామగారూ, అల్లుడూ, కూతురూ ముగ్గురూ పని మీద వెళ్తూ, బండి మారడానికి దూరపు స్టేషనొకదాన్లో దిగారు. వాళ్ళెవరూ అక్కడ ఎవరికీ తెలియదు. అక్కడి మాస్టారు మర్యాదస్తుడు. గదిలో కుర్చీలు వేసి కూర్చోబెట్టి, కూతురి చూపు ఫోనుకు వేలాడుతున్న ఎర్ర బిళ్ళ మీదికి వెళ్ళడం గమనించి చెప్పాడు.

"దీన్ని అల్లుడి బిళ్ళ అంటారమ్మా. ఎక్కడో ఒక అల్లుడున్నాడట. ఉత్త తెలివితక్కువవాడట. లైను మీద ఇంజను ఉండగా మామగారికి లైన్ క్లియర్ ఇచ్చేయబోయాడట."

కూతురు మొహం పక్కకు తిప్పి కిటికీలోంచి ఎంతో శ్రద్ధగా బయటికి చూడసాగింది. ఆవిడ భుజాలు మాత్రం కదులుతున్నాయి. అల్లుడు గోడ మీది టైంటేబులు చదువుతున్నాడు.

"నేను ఇంకోలా విన్నానండి" అన్నారు మామగారు. "ఎవరూ అడక్కుండానే తన తప్పు తానే కాగితం మీద రాసి, తానే తీసుకెళ్ళి ఇచ్చాడని విన్నాను. అంత పని నా వల్ల కాలేదు ఆ వయసులో."

ఆ మాస్టారు బిళ్ళను ఒకసారి తిప్పి చూశాడు. "అలాగా. అయితే మంచివాడే అన్నమాట."

"ఏదో, పరవాలేదండి" అన్నాడు అల్లుడు టైంటేబులు మీంచి చూపు తిప్పకుండా. "భార్య మంచిదట."